కోళ్ల మీద నింద

ఫిబ్రవరి 4

నా ఆనందమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బిడ్డ హెప్సిబా, దాని ఒడిలోని పసిది బాగుండాలి. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్ చేస్తే అల్లుడు స్టీఫెన్ స్పీకర్ పెడతాడు. నేను నీకు చెప్పే మాట చెన్నూరులో ఆ వాడంతా వింటుంది. ఉత్తరమైతే నీ చేతిలోనే పడుతుంది. నాకు అక్షరాలు నేర్పిన రాత్రి బడి పంతులు, మాట్లాడినట్టు రాయొద్దు మోషే, పుస్తకంలో ఉన్నట్టు రాయి అనేవాడు. అట్లనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వకు. పెన్ను పాడయింది. స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను కనుక అక్షరాలు పెద్దగా పడ్డాయి.

నువ్వు పోయిన వారానికే మన ఇరవై గుంటల్లో బీర పెట్టాను. పందిరి కింద నలభై గుంతలు తీసి, పెంట వేసి, గుంతకు మూడు గింజలు వేశాను. ఎనిమిదో రోజుకు మొలకలు లేచాయి. అవతల రెండు సాళ్లు బెండ, మోటరు దగ్గరి మడిలో పాలకూర. చలి విరిగింది. పొద్దున ఎండ మెత్తగా ఉంటుంది. నువ్వుంటే ఆ ఎండలో కూర్చొని నన్ను నాలుగు తిట్టేదానివి.

ఇప్పుడు అసలు సంగతి. బీర సాళ్లలో అడవి బుడమ కలుపు దండిగా మొలిచింది. నీకు తెలుసు గదా, ఎవరూ విత్తకుండా మొలిచేది అదొక్కటే. రెండాకుల మీద ఉన్నప్పుడు బీరకు, బుడమకు పోలిక ఉంటుంది. కొత్తవాళ్లు తికమక పడతారు. నేను పడను. గురువారం మధ్యాహ్నం కూర్చుంటే, పొద్దు గుంకేదాకా కొడవలితో సాళ్లన్నీ చెక్కి చెత్తను గట్టు మీద కుప్ప పోశాను. తెల్లవారి పోయి చూస్తే ముప్పై గుంతలు బోసిగా ఉన్నాయి. నేలంతా గీకినట్టు ఉంది. ఇంకెవరు గీకుతారు? పక్క చేను కొండల్ కోళ్లే. వాని పెండ్లాం కిష్టవ్వ పదకొండు కోళ్లను కన్నబిడ్డల లెక్క సాకి మన మీదికి వదిలింది.

నేను కడుపులో పెట్టుకొనే మనిషిని కాను. పాల కేంద్రానికి పోయాను. పాలు పోసేవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరి ముందే అడిగాను.

“కొండల్, నీ కోళ్లను నువ్వు కట్టేస్తవా, నేను కోసుకొని తినాల్నా?”

“ఏమైంది కాకా?”

“ఏమైందా? ముప్పై గుంతల బీర మింగినయి. ఇరవై ఏండ్లు సిరిసిల్లల మగ్గాల కాడ బతికినోనివి, నీకు మట్టి విలువ ఏం తెలుస్తది?”

వాడు నా ముఖంలోకి చూశాడు. “సరే కాకా, కోళ్లను పంపిస్త” అన్నాడు. పాల క్యాను ఎత్తుకొని పోయాడు. ఆ సాయంత్రమే కోళ్లన్నిటినీ గంపల కింద పెట్టి, జమ్మికుంట దగ్గర ఉన్న కిష్టవ్వ తల్లిగారింటికి చేరవేశారు. మూడో రోజు పొద్దున కొండల్ తాను కాగితం గ్లాసుల్లో పెంచిన బీర మొక్కలు ముప్పై తెచ్చి, నేను చూస్తుండగానే బోసి గుంతల్లో నాటాడు. ప్రతి మొక్క పక్కన పుల్ల పాతి, దానికి మగ్గం దగ్గరి తెల్ల బట్ట పీలిక కట్టాడు. తీగలు కట్టడానికేమో అనుకున్నాను. తప్పు చేసినవాడు తీర్చుకోవాలి గదా. నేను మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. తొమ్మిదేళ్లుగా ఒకే బావిలో మోటరు నడుపుతున్నాం. ఇట్లా ఎన్నడూ లేదు.

మిగిలిన పది గుంతల్లో మన మొక్కలు భేషుగ్గా ఉన్నాయి. వాటికి రెండు చెంబులు ఎక్కువే పోస్తున్నాను. ఆదివారం చర్చిలో ప్రభు భోజనానికి, ఆ రొట్టె అందుకోవడానికి, నేను లేవలేదు. పక్కవాడితో గొడవ ఉన్నప్పుడు చేయి చాపకూడదని నువ్వే అంటావు. అయ్యగారు నా వైపు చూశాడు. చూడనీ. గొడవ నాది కాదు.

నీ మోషే

ఫిబ్రవరి 19

ఆనందమ్మా,

ఈ ఉత్తరం ఒక్కదానివే చదువు. హెప్సిబాకు చూపించకు. చదివి పొయ్యిలో పెట్టు.

ముందు ఒక మాట చెప్పి మిగతాది చెబుతాను. నాకు కండ్లు కనబడడం లేదు. గుడ్డితనం కాదు. పొగమంచులో నడిచినట్టు ఉంటుంది. పోయిన వానాకాలం నుంచి ఉంది. స్కెచ్ పెన్ను సంగతి అబద్ధం. పెన్ను బాగానే ఉంది. దానితో రాస్తే నేను రాసింది నాకే కనబడదు. బస్సు మీద బోర్డు చదవలేక, తెలిసినవాళ్లు ఎక్కేదాకా ఆగి వాళ్ల వెనుక ఎక్కుతున్నాను. చర్చిలో పాఠం చదవమంటే, పుస్తకం ఎక్కడ తెరుచుకున్నా నాకు నోటికి వచ్చిన కీర్తననే చదువుతున్నాను. నువ్వు ఒకసారి, ఎప్పుడూ అదే చదువుతావేమని అడిగావు. అది నాకు ఇష్టమని చెప్పాను.

నీకెందుకు చెప్పలేదంటే మా బాపు గుర్తుకొస్తాడు. కండ్లు పోయిన తర్వాత ఆయన పన్నెండేళ్లు అరుగు మీద కూర్చున్నాడు. దారిన పోయే ప్రతివాడూ దగ్గరికొచ్చి “నేనెవర్నో చెప్పు పెద్దయ్యా” అని ఆటలాడేవాడు. ఆయన ఒకరి పేరుకు ఇంకొకరి పేరు చెబితే నవ్వేవాళ్లు. ఆయన కూడా వాళ్లతో నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను అరుగు ఎక్కనని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు బీర సంగతి విను. సోమవారం బుచ్చవ్వ గట్టు మీద నుంచి పోతూ ఆగింది. దాని నోరు నీకు తెలిసిందే.

“ఏందే మోషన్నా, మొక్క మొక్కకు జెండా పాతినవు? ఎలచ్చన్లు వచ్చినయా ఏంది?”

“తీగలు కట్టనీకి” అన్నాను.

“తీగ ఇంకా జానెడు లేదు, ఇప్పుడే కడతవా? నా పుట్టుకల చూడలే.”

అది నవ్వుకుంటూ పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. నిజమే, జానెడు మొక్కకు ఎవడు పీలిక కడతాడు? తెల్లది ఎందుకు కడతాడు? నాకు కనబడాలని. ఇక్కడ మొక్క ఉంది ముసలోడా, దీన్ని చెక్కకు అని. వాడికి నా సంగతి తెలుసు. చేనుకంతా జెండాలు పాతి నా గుడ్డితనాన్ని ఊరికి చాటాడు అనుకున్నాను. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ముప్పై పుల్లలూ పీకి విరిచి బావి గట్టు అవతల పడేశాను.

మంగళవారం నీళ్లు పెడదామని సాళ్లలోకి దిగాను. మొక్క ఎక్కడుందో, మట్టిపెల్ల ఎక్కడుందో తెలియలేదు. కాలి కింద మెత్తగా తగిలింది. వంగి పట్టుకుంటే గరుకు ఆకు, కొండల్ నాటిన బీర, నడిమికి విరిగింది. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఇంకొకటి విరిగింది. అట్లనే నిలబడ్డాను, ఆనందమ్మా. నా చేనులో నేను, యాభై ఏళ్లుగా నడిచిన సాలులో, ఎటు అడుగు వేయాలో తెలియక నిలబడ్డాను. తర్వాత చేతులతో తడుముకుంటూ, పసిపిల్లాడు పాకినట్టు గట్టు మీదికి వచ్చి చెత్తకుప్ప పక్కన కూర్చున్నాను.

చేతికి తీగ తగిలింది. పైపు కారి ఆ కుప్ప ఎప్పుడూ తడిగా ఉంటుంది. కుప్పలోంచి ఒక తీగ లేచి, పందిరి గుంజను పట్టుకొని మోకాలెత్తు ఎక్కింది. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బీర. పక్కన ఇంకొకటి. అదీ బీరే. ఆ గురువారం నేను బుడమ అనుకొని వేళ్లతో సహా చెక్కి పోసిన కుప్పలోంచి లేచాయి. మళ్లీ పాకుకుంటూ పోయి, నేను రెండు చెంబులు ఎక్కువ పోసి పెంచిన పది గుంతలు తడిమాను. అవి పందిరి ఎక్కలేదు, నేల మీదనే పాకుతున్నాయి. కాండం నిండా నూగు. బుడమ. కలుపుకు పెంట వేసి నీళ్లు పోశాను. పంటను చెత్తలో వేశాను. కోళ్ల మీద నింద వేశాను.

కిష్టవ్వ ఇంటి ముందు నుంచి పోతే చప్పుడు లేదు. పొద్దున ఆమె బొబొబో అని పిలిచే పిలుపు లేదు. గుడ్లు అమ్ముకొని తన సబ్బులు, తన చీరలు తాను కొనుక్కునేది ఆ మనిషి.

ఎవరికీ చెప్పదలుచుకోలేదు. చెబితే రేపటి నుంచి నా దగ్గరికొచ్చి నేనెవర్నో చెప్పు అంటారు. చేను కౌలుకు ఇస్తాను. కాళ్లు గుంజుతున్నాయని అందరికీ చెబుతాను. చెన్నూరు వచ్చి మీ దగ్గర కూర్చుంటాను. ఇది నేను తీసుకున్న నిర్ణయం. నిన్ను సలహా అడగడం లేదు. ఏమైనా అనాలని ఉంటే రాయి.

మోషే

మార్చి 2

నా ఆనందమ్మా,

నీ ఉత్తరం అందింది. తెరిచి చూస్తే ఒక్కొక్క అక్షరం నా బొటనవేలంత ఉంది. నాలుగు మాటలకు రెండు కాగితాలు ఖర్చు పెట్టావు. ఎండలోకి పోకుండానే, ఎవరినీ అడగకుండానే చదువుకున్నాను. కోళ్లు ముప్పై గుంతలు తిని పది గుంతలు వదిలిపెట్టవని, మొదటి ఉత్తరం చూసిన రోజే నీకు అర్థమయిందని రాశావు. ముందు కొండల్ ఇంటికి పో, తర్వాత పాల కేంద్రానికి పో, ఆ తర్వాత కండ్ల డాక్టరు దగ్గరికి పో, కౌలు మాట నేను వచ్చేదాకా ఎత్తకు అని రాశావు. దొరసాని లెక్క హుకుం జారీ చేశావు. రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు పోయాను.

కొండల్ వాకిట్లో మోటరు వైరు చుడుతున్నాడు. కిష్టవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చెరగడం ఆపలేదు. కూర్చొమ్మని కూడా అనలేదు. నేను నిలబడే చెప్పాను.

“కొండల్, నీ కోళ్లు బీర తినలే. నేనే చెక్కిన. నాకు కండ్లు కనబడతలేవు.”

“ఎరుకే కాకా.”

“ఎప్పటిసంది ఎరుక?”

“ఆ దినమే. మోటర్ బందు చేయనీకి వచ్చిన. నువ్వు బీర చెక్కుతున్నవు, బుడమను విడిచిపెడుతున్నవు. కాకా, అది బీరనే అని కేకేసిన. ‘నాకు నేర్పుతవా, పో’ అన్నవు. పోయిన.”

అట్లా అన్నానా? అని ఉంటాను. అనకుండా ఉండే మనిషిని కాను గదా.

“మరి పాల కేంద్రం కాడ గన్ని మాటలన్న. ఎందుకు నోరు మూసుకున్నవు?”

వాడు వైరు చుట్టడం ఆపాడు. “ఏం చెప్పాలె? గుడ్డోనివి, నువ్వే చెక్కినవు అని ఇరవై మందిల చెప్పాల్నా? నీ ఇజ్జత్ పోతుండె. కోళ్లదేమున్నది కాకా, వాటికి ఇజ్జత్ లేదు.”

అప్పుడు కిష్టవ్వ చాట కింద పెట్టింది. ఠప్పుమని పెట్టింది.

“వాటికి లేకుంటే మాయె, నాకున్నది! మామా, నా కోళ్లను దొంగ కోళ్లన్నవు. గీయన పెద్ద మనసుతోని ఊకున్నడు, నా మనసు పెద్దది కాదు. నెల రోజులాయె నా వాకిలి పాడుపడి. మా అవ్వ బాలవ్వ నా లెక్క వాటిని కండ్లల్ల పెట్టుకొని చూసుకోదు, రెండు కోసుకొని తిన్నదేమో కూడా తెల్వది. నీ తోని తిట్లు పడ్డ ఈయనకేమో మాట మింగుడు అలవాటాయె. మగ్గాలోడు మగ్గాలోడు అన్నవు గద, ఆ మాటకు రెండు దినాలు బువ్వ తినలే. అది ఎరుకనా నీకు?”

“నువ్వు ఊకో” అన్నాడు కొండల్.

“నేనెందుకు ఊకుంట? మామా, తప్పని నా వాకిట్ల చెప్తే ఎట్లయితది? తిట్టిన కాడ చెప్పు. నా కోళ్లను నీ చేతుల తోని తీసుకరా. అప్పుడు చాయ్ పోస్త.”

న్యాయం చెప్పింది. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. నీ దగ్గర చదువుకున్నదేమో అనిపించింది.

మరునాడు పొద్దున్నే పాల కేంద్రానికి పోయాను. అక్కడ నిలబడితే కాళ్లు నిజంగానే గుంజాయి. గొంతు ఎత్తి చెప్పాను.

“జర అందరు ఆగుండ్రి. మొన్న గీడనే నిలబడి కొండల్‌ను తిట్టిన. మగ్గాలోనివి, నీకేం తెలుస్తది అన్న. తప్పు నాది. బీరను కోళ్లు ముట్టలే. నేనే చెక్కిన. నాకు కండ్లు సరిగ కనబడతలేవు.”

క్యానులో పాలు పడే చప్పుడు ఒక్కటే వినబడింది. ఇప్పుడు మొదలవుతుంది, నేనెవర్నో చెప్పు అంటారు అనుకున్నాను. బుచ్చవ్వ గొంతు ముందుగా లేచింది.

“గీ ముచ్చట చెప్పనీకి నెల పట్టిందా మోషన్నా? మొన్న పోచమ్మ గుడి కాడ కరెంటు స్తంభానికి వందనాలు చెప్పినవు. అది మళ్ల చెప్తలేదని ‘బలిసిందిరా నీకు’ అని తిట్టినవు గూడ.”

ఇరవై మంది ఒక్కసారి నవ్వారు. పాలు కొలిచే పిలగాడు కొలత తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. నేనేం చేశానో తెలుసా? నాకు కూడా నవ్వొచ్చింది. ఆ స్తంభం మన ఊరి ఎల్లయ్య అనుకున్నాను. ఎల్లయ్య ఇంత పొడుగెప్పుడు పెరిగాడని కూడా అనుకున్నాను. అది చెబితే ఇంకా నవ్వారు. మా బాపు నవ్వింది ఇట్లాంటి నవ్వేనేమో, నేనే తప్పుగా అనుకున్నానేమో తెలియదు. ఒకటి మాత్రం చెబుతాను. వానాకాలం నుంచి ఇంటిల్లిపాదికీ ఊరికీ తెలియకుండా నేను మోస్తున్న మూట ఊరందరికీ తెలిసిందేనట. బస్సు దగ్గర నా ముందు నడిచేవాళ్లు కావాలనే నడిచేవాళ్లట. అయ్యగారు నా కీర్తన మొదలు కాగానే పుస్తకంలో పేజీ తిప్పి అదే తీసేవాడట. ఇంత బరువు ఉత్తగనే మోశాను. దించితే భుజాలు తేలికగా ఉన్నాయి.

కొండల్ ఒక మూలన నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి, నా చేతిలోని ఖాళీ క్యాను తీసుకొని, “పా కాకా, బస్సుకు టైమైతుంది. జమ్మికుంటకు నేను గూడ వస్త” అన్నాడు.

“కిష్టవ్వ నన్నే తెమ్మన్నది” అన్నాను.

“నువ్వే తే. బస్సు ఏదో నేను చూపిస్త.”

బాలవ్వ ఒక్క కోడిని కూడా కోయలేదు. పైగా పదకొండు పద్నాలుగు అయ్యాయి. పొదుగుడు కోడి మూడు పిల్లలను చేసింది. రెండు గంపలు నా ఒడిలో, కాళ్ల దగ్గర పెట్టుకొని బస్సులో కూర్చుంటే, పక్క సీటు ఆమె “పెద్దయ్యా, అమ్ముతవా?” అని అడిగింది. “ఇవి నావి కావమ్మా, ఇజ్జత్ ఉన్న కోళ్లు” అన్నాను. కొండల్ కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. కిష్టవ్వ కోళ్లను ఒక్కొక్కటి లెక్కబెట్టి వాకిట్లో వదిలాక చాయ్ పోసింది. చక్కెర ఎక్కువే వేసింది.

బీర సంగతి చెబుతాను. బుడమను తీసేశాం. కుప్పలో లేచిన రెండు తీగలను కదల్చకుండా అక్కడే గుంజ ఎక్కించాం. కొండల్ నాటిన వాటిలో ఇరవై ఎనిమిది బతికి ఉన్నాయి. పీలికలు మళ్లీ కట్టమని నేనే అడిగాను. కనబడేటట్టు పొడుగ్గా కట్టమన్నాను. ఇప్పుడు కలుపు కొండల్ తీస్తాడు, వాని చేనుకు నీళ్లు నేను పెడతాను. నీళ్లు పారే చప్పుడు నాకు బాగానే తెలుస్తుంది. తొలి పూత పడింది. సాయంత్రం పూలు విచ్చుకుంటే ఆ వాసన గట్టు దాకా వస్తుంది.

కరీంనగర్ పోయి డాక్టరుకు చూపించుకున్నాను. దీపం వేసి చూసి, “పొర వచ్చింది పెద్దాయనా, తీసేస్తే పోతది” అన్నాడు. పావుగంట పనట. ఇన్ని నెలలు నేను భయపడింది పావుగంట పనికి. నిన్న ఆదివారం ప్రభు భోజనానికి లేచాను. చేయి చాపాను. అయ్యగారు నా చేతిలో రొట్టె పెట్టి, ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు.

శుక్రవారం ఆపరేషన్. కొండల్ వస్తానన్నాడు. పచ్చి బాలింతను వదిలి నువ్వు రావద్దు. చేను కౌలుకు ఇవ్వడం లేదు.

నీ దగ్గర దాచింది ఇంకొకటి ఉంది. అది కూడా చెప్పి ముగిస్తాను. పసిది పుట్టిన రోజు స్టీఫెన్ ఫోన్‌లో ముఖం చూపించి “మామా, మీ మనుమరాలు ఆరాధన ఎట్లున్నది?” అని అడిగాడు. ముక్కు అంతా ఆనందమ్మదే అన్నాను. అందరూ అవునన్నారు. నేను ఏమీ చూడలేదు. తెల్లగా ఏదో కదిలింది, అంతే. కట్టు విప్పిన తర్వాత పది రోజులకు బస్సులో పోవచ్చని డాక్టరు చెప్పాడు. బస్సు బోర్డు నేనే చదువుకొని వస్తాను. అప్పటిదాకా దానికి ఎవరి పోలికా ఖాయం చేయకండి. నేను వచ్చి చూసి చెబుతాను.

నీ మోషే